బొగ్గు అయిపోతుందని తెలిసీ కట్టిన బడి

జపాన్‌లోని హషిమా దీవి అంచున ఏడంతస్తుల బడి భవనం ఒకటి ఉంది. కిటికీలకు అద్దాలు లేవు. పైకప్పు పెచ్చులు ఊడి గదుల నిండా పడి ఉన్నాయి. భవనం అడుగు మట్టిని సముద్రం ఏళ్ల తరబడి తోడుకుపోవడంతో, నేలలో దాగి ఉండాల్సిన పునాది స్తంభాలు బయటపడ్డాయి. 1958లో కట్టిన ఈ బడిలో పాఠాలు నడిచింది 16 ఏళ్లు. పిల్లలు లేకుండా నిలబడి అర్ధశతాబ్దం దాటింది.

దీవి కింద సముద్రగర్భంలో బొగ్గు గని ఉండేది. గని ఉన్నన్నాళ్లూ ఊరుంది. ఊరున్నన్నాళ్లూ బడి ఉంది. 1974 జనవరిలో గని మూతపడింది, ఏప్రిల్ 20 నాటికి దీవి మీద మనిషన్నవాడు మిగల్లేదు.

పాడుబడిన బడి ఫొటో చూసి నిట్టూర్చడం తేలిక. ఆ నిట్టూర్పు దగ్గరే ఆగిపోతే మనకు దక్కేదేమీ లేదు. అడగాల్సిన ప్రశ్నలు మూడు. బడిని ఎవరు కట్టారు? ఎన్నేళ్ల లెక్కతో కట్టారు? మూసేటప్పుడు ఎవరి చేతికి అప్పగించారు? ఇల్లెందు నుంచి బెల్లంపల్లి దాకా గోదావరి లోయ పొడవునా బొగ్గు మీద బతుకుతున్న మన ఊళ్లకూ ఈ మూడు ప్రశ్నలతో పని పడుతుంది. అందుకే ముందు ఆ దూరపు దీవి కథ వివరంగా చూడాలి.

పదహారు ఎకరాల్లో ఐదువేల మంది

హషిమా నాగసాకి రేవుకు 20 కిలోమీటర్ల లోపే ఉంటుంది. 1890లో మిత్సుబిషి సంస్థ దాన్ని కొన్నది. అప్పటికది సముద్రంలో పొడుచుకొచ్చిన రాతి గుట్ట. గనిలోంచి తీసిన రాళ్లూరప్పలూ పోసి, చుట్టూ గోడ కట్టి, విడతలు విడతలుగా దాన్ని పెంచారు. ఎంత పెంచినా చివరికి తేలింది 6.3 హెక్టార్లు. మన లెక్కలో పదహారు ఎకరాలు కూడా నిండని, ఒక ఆసామి చెలకంత జాగా. అందులో 1960 నాటికి 5,200 మందికి పైగా ఉండేవారు. ప్రపంచంలోనే అత్యంత కిక్కిరిసిన ఊళ్లలో ఒకటిగా దానికి పేరొచ్చింది. అడ్డంగా విస్తరించే వీల్లేక నిట్టనిలువుగా కట్టారు. 1916లో అక్కడ లేచిన కార్మికుల నివాస భవనం జపాన్‌లో తొలి బహుళ అంతస్తుల కాంక్రీటు నివాసమని చెబుతారు. దూరం నుంచి చూస్తే దీవి యుద్ధనౌకలా ఉండటంతో జనం దాన్ని గుంకన్‌జిమా అన్నారు. ఆ మాటకు అర్థమూ అదే, యుద్ధనౌక దీవి.

ఆ దీవి మీద మొక్క నాటడానికి మట్టి లేదు. 1957లో సముద్రం అడుగున గొట్టం వేసేదాకా తాగునీరు పడవల్లో వచ్చేది. క్యూషూ నుంచి మట్టి తెప్పించి మేడల మీద పరిచి కూరగాయలు పండించారు. పంట ఎలా పెరుగుతుందో అక్కడి పిల్లలు డాబా మీద చూసి తెలుసుకున్నారు. అతిపెద్ద నివాస భవనం పైకప్పు మీదే శిశు విద్యాలయం నడిచేది. అంతటి ఇరుకులోనూ బడికి ఏడంతస్తులు కేటాయించారంటే దాని విలువ ఏమిటో అర్థమవుతుంది. కింది అంతస్తుల్లో ప్రాథమిక పాఠశాల, పైన మాధ్యమిక పాఠశాల. పక్కనే ఆటస్థలం. దీవి మీద పిల్లలు పరుగెత్తగలిగిన చదునైన జాగా దాదాపు అదొక్కటే.

బడికి అంత చోటు దొరకడం ఒట్టి ఉదారత అనుకుంటే పొరపాటే. హషిమాలో తొలి బడిని 1893లో పెట్టింది గని యాజమాన్యమే. సముద్రమట్టానికి వందల మీటర్ల కింద, ఒళ్లంతా చెమటతో తడిసే ఉక్కలో పనిచేయడానికి ఒంటరి మగవాళ్లు వస్తారు, నాలుగు డబ్బులు చేతిలో పడగానే వెళ్లిపోతారు. పెళ్లాం బిడ్డలతో వచ్చినవాడు నిలబడతాడు. పిల్లవాడు బడిలో చేరితే ఆ కుటుంబం ఇంకో పదేళ్లు కదలదు. మన సింగరేణి కాలనీల్లో పెరిగినవారికి ఈ మర్మం చెప్పక్కర్లేదు. క్వార్టరు, ఆస్పత్రి, బడి, క్లబ్బు ఒకదాని పక్కన ఒకటి లేవడంలో సంక్షేమం ఎంతో, కార్మికుణ్ని కట్టిపడేసే అవసరమూ అంతే. దీన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. కాకపోతే ఒక సంగతి మరవకూడదు. అవసరం కోసం కట్టిన బడికి ఆ అవసరంతోపాటే ఆయుష్షు తీరుతుంది.

ఒక చేత్తో మూత, ఇంకో చేత్తో పునాది

ఈ కథలో అసలు కిటుకు తేదీల్లో ఉంది. బొగ్గు పరిశ్రమను కుదించి, గిట్టుబాటు కాని గనులను మూయించి, మిగిలినవాటిని గట్టిపరచడానికి జపాన్ ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చింది 1955లో. దిగుమతి చమురు ముందు బొగ్గు నిలవలేదని పాలకులకు అప్పటికే అర్థమైంది. ఆ తర్వాత మూడేళ్లకు, 1958లో హషిమాలో ఏడంతస్తుల బడి లేచింది. మరి రెండేళ్లకు, 1960లో, మీకే అనే బొగ్గు గనిలో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా జపాన్ కార్మికోద్యమ చరిత్రలోనే పెద్దదనదగ్గ సమ్మె జరిగింది. అంటే రాజధానిలో బొగ్గుకు వీడ్కోలు లెక్కలు వేస్తున్న రోజుల్లోనే, దీవి మీద ఇంకో తరానికి సరిపడా తరగతి గదులు కడుతున్నారు.

కట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లా? అలా అనలేం. హషిమా బొగ్గు ఉక్కు కొలిమికి పనికొచ్చే నాణ్యమైన రకం. మూయాల్సిన గనుల జాబితాలో అది ముందు వరసలో లేదు. పైగా అప్పటికి ఆ దీవి మీద వందలమంది పిల్లలున్నారు. ‘బొగ్గు ఎలాగూ అయిపోతుంది కదా, మీకు బడి ఎందుకు?’ అని ఏ ప్రభుత్వమూ పిల్లలతో అనలేదు, అనకూడదు. 1958లో ఆరేళ్ల వయసులో ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు దీవి ఖాళీ అయ్యేనాటికి 22 ఏళ్ల యువకుడు. వాడి చదువు వరకూ ఆ బడి తన పని తాను పూర్తిచేసినట్టే.

కనుక కట్టడంలో తప్పు లేదు. కట్టేటప్పుడు ముగింపును లెక్కలోకి తీసుకోకపోవడమే లోపం. గనికి ఆయుష్షు ఉంటుందని ఇంజినీరుకు తెలుసు. ఎన్ని టన్నులు ఉన్నాయి, ఏటా ఎంత తీస్తాం, ఎన్నేళ్లు వస్తుంది అన్న లెక్క వేయకుండా ఎవరూ గని తెరవరు. అదే యాజమాన్యం, అదే ప్రభుత్వం బడి కట్టేటప్పుడు మాత్రం అది యావచ్చంద్రార్కం ఉంటుందన్నట్టు కడతాయి. గని కాగితాల మీద ఉండే గడువు తేదీ బడి కాగితాల్లోకి ఎన్నడూ చేరదు.

మూడు నెలల్లో ఊరు ఖాళీ

1974 జనవరి 15న గని మూసేనాటికి హషిమాలో దాదాపు రెండువేల మంది మిగిలారు. జపాన్‌లో విద్యాసంవత్సరం మార్చితో ముగుస్తుంది. ఏప్రిల్ 20న చివరివారు పడవ ఎక్కారు. గని మూతకూ ఊరి మూతకూ మధ్య మూడు నెలల వ్యవధి. ఇళ్లల్లో టీవీలు, కుర్చీలు, బొమ్మలు ఎక్కడివక్కడే వదిలి వెళ్లారు. దీవి కంపెనీది, ఇళ్లు కంపెనీవి, ఉద్యోగం కంపెనీది. అక్కడ ఉండిపోవడానికి ఎవరికీ హక్కు లేదు, ఉండిపోయి చేసేదీ లేదు.

2001లో దీవిని మిత్సుబిషి సంస్థ తకషిమా పట్టణానికి అప్పగించింది. 2005లో ఆ పట్టణం నాగసాకి నగరంలో కలవడంతో దీవి నగరపాలన కిందికి వచ్చింది. ఊరు ఖాళీ అయ్యాక 27 ఏళ్లపాటు ఆ బడి ఒక ప్రైవేటు ఆస్తి. ఆ ఇరవయ్యేడేళ్లూ తుపాన్లు దాని కిటికీలు విరిచాయి, అలలు పునాది తోడాయి. ప్రజల చేతికి వచ్చేసరికి మరమ్మతు చేసి వాడుకునే దశ దాటిపోయింది. 2020లో నూరేళ్లు దాటిన ఆ తొలి కాంక్రీటు నివాసమే కొంతభాగం కూలింది.

ఎప్పుడు అప్పగించారన్నది ఎవరికి అప్పగించారన్నంత ముఖ్యం. ఈ సంగతి మనకూ తెలిసిందే. తాళం వేసిన బడికి మొదటి ఏడాది కిటికీ రెక్కలు పోతాయి, రెండో ఏడాది తలుపులు పోతాయి, మూడో ఏడాది పైకప్పు రేకులు. ఆ తర్వాత దాన్ని బాగుచేయడంకంటే కూల్చడమే చౌక అని అధికారులు తేల్చేస్తారు.

వారసత్వంలోనూ వాటా లేదు

2009లో హషిమా తీరంలో కొంతభాగాన్ని పర్యాటకులకు తెరిచారు. 2015లో ‘మెయిజీ పారిశ్రామిక విప్లవ స్థలాలు’ పేరిట యునెస్కో గుర్తించిన 23 చోట్లలో ఇదీ చేరింది. చిత్రమేమంటే ఆ గుర్తింపు వర్తించే కాలం 1850ల నుంచి 1910 వరకే. లెక్క ప్రకారం విలువ దీవి చుట్టూ ఉన్న పాత గోడలది, తొలినాటి గని అవశేషాలది. పర్యాటకులు ఫొటోలు తీసుకునే మేడలు 1916, ఆ తర్వాతివి. బడి 1958ది. దీవి ప్రపంచ వారసత్వమైంది, దాని బడి మాత్రం ఆ వారసత్వపు గడువు దాటాక పుట్టింది.

అంతకంటే బరువైన ప్రశ్న ఇంకొకటుంది. 1940ల్లో కొరియా, చైనాల నుంచి మనుషులను బలవంతంగా తెచ్చి ఈ గనిలో పనిచేయించారు. వారిలో బతికి బయటపడినవారు దీన్ని నరక ద్వీపం అన్నారు. కొందరిని వారి ఇష్టానికి వ్యతిరేకంగా తెచ్చి కఠిన పరిస్థితుల్లో పనిచేయించిన సంగతిని 2015లో జపాన్ యునెస్కో వేదిక మీద అంగీకరించింది, ఆ చరిత్రను సందర్శకులకు తెలియజేస్తామని మాటిచ్చింది. ఆ మాట సరిగా నిలబెట్టుకోలేదని 2021లో వారసత్వ కమిటీ గట్టిగానే విచారం వ్యక్తంచేసింది. దీవిలో పెరిగినవారికి ఆ బడి ఆటపాటల జ్ఞాపకం. బలవంతపు కూలీలకు అక్కడ బడీ లేదు, గుడీ లేదు, చేతిలో పలకతో తీయించుకున్న ఫొటో లేదు. యుద్ధం ముగిశాక పదమూడేళ్లకు కట్టిన బడిని మాత్రమే చూపించి ఊరి కథ చెబితే సగం కథే చెప్పినట్టు. పాడుబడిన భవనం నోరు విప్పదు. దాని తరఫున ఎవరు మాట్లాడితే వారిదే చరిత్ర అవుతుంది. గని ఊరి రికార్డులను, రిజిస్టర్లను, హాజరు పట్టీలను భద్రపరచడం అందుకే గతం మీద మమకారంతో ముడిపడ్డ పని కాదు. అది సాక్ష్యం కాపాడటం.

యూబరి అప్పు, బిబాయ్ తెలివి

జపాన్ బొగ్గు ఊళ్లన్నీ హషిమా దారి పట్టలేదు. ఉత్తరాన హొక్కయిడోలో రెండు ఊళ్లు రెండు దారులు పట్టాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

యూబరిలో ఒకప్పుడు 24 గనులు. 1960 ప్రాంతంలో జనాభా లక్ష దాటింది. 1990లో చివరి గని మూతపడింది. కంపెనీలు వెళ్తూ వెళ్తూ వదిలేసిన ఇళ్లు, ఆస్పత్రి, నీటి సరఫరా నగర పాలక సంస్థ నెత్తిన పడ్డాయి. దానికితోడు బొగ్గు పోయినా పర్యాటకం ఆదుకుంటుందన్న ఆశతో నగరం అప్పులు చేసి వినోద ఉద్యానం, బొగ్గు మ్యూజియం, హోటళ్లు కట్టింది. జనం రాలేదు. 2007లో నగరం ఆర్థికంగా దివాలా తీసినట్టు అధికారికంగా తేలింది. ఆ దెబ్బకు ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలన్నిటినీ కలిపి ఒక్కటి చేశారు, మాధ్యమిక పాఠశాలలనూ ఒక్కటి చేశారు. లోయలో దూరదూరంగా విసిరేసినట్టున్న ఊళ్ల నుంచి పిల్లలు బస్సెక్కి రావాల్సి వచ్చింది. గని కంపెనీ మిగిల్చిన బరువు చివరికి పిల్లల మీద పడింది.

బిబాయ్ కూడా బొగ్గు ఊరే. 1950ల్లో 90 వేలు దాటిన జనాభా ఇప్పుడు 20 వేల దరిదాపుల్లో ఉంది. అక్కడ గని కార్మికుల పిల్లలు చదివిన ఒక చెక్కబడి 1981లో మూతపడింది. అయితే భవనంలో కొంతభాగంలో శిశు విద్యాలయం నడుస్తూనే ఉండేది. బిబాయ్‌లోనే పుట్టి ఇటలీలో స్థిరపడిన శిల్పి కాన్ యాసుదా, పని చేసుకోవడానికి చోటు వెతుక్కుంటూ వచ్చి ఆ బడిని చూశారు. పాత బడి, అందులో ఆడుకుంటున్న చిన్నపిల్లలు. వాళ్లు మనసు తెరుచుకుని ఆడుకునే చోటు ఇక్కడ కావాలనుకున్నారాయన. 1992లో అది ఆర్తె పియాజ్జా బిబాయ్ అనే శిల్పవనంగా తెరుచుకుంది. తరగతి గదుల్లో శిల్పాలు. బయట పచ్చిక మీద పాలరాతి శిల్పాలు, వాటి మధ్య నీటిధార. చూడటానికి రుసుము లేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లపాటు పసిపిల్లలు అదే భవనంలో చదువుకున్నారు.

ఈ రెంటికీ తేడా డబ్బులో కంటే క్రమంలో ఉంది. యూబరి ముందు కట్టి, జనం కోసం తర్వాత వెతికింది. బిబాయ్‌లో జనం మిగిలి ఉన్న చోట, పిల్లల సందడి పూర్తిగా ఆగకముందే, ఉన్న భవనానికే కొత్త పని దొరికింది. ఖాళీ బడులను వాడుకునేవారితో కలపడానికి జపాన్ విద్యాశాఖ 2010 నుంచి ఒక ప్రత్యేక కార్యక్రమమే నడుపుతోంది. మూతపడి ఇంకా నిలిచి ఉన్న బడి భవనాల్లో నాలుగింట మూడొంతుల దాకా ఏదో ఒక పనికి వాడుకలో ఉన్నాయని ఆ శాఖ సర్వేలు చెబుతున్నాయి. మురోతో అనే మత్స్యకారుల పట్నంలో మూతపడిన బడి ఒకటి 2018లో చేపల ప్రదర్శనశాల అయింది. పిల్లలు ఈదిన కొలనులో ఇప్పుడు తాబేళ్లు తిరుగుతున్నాయి.

మన బొగ్గుట్ట ప్రశ్న

ఇక ఇంటి సంగతి. భారత భూగర్భ సర్వేకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టింది 1871లో. 1889లో తవ్వకం మొదలైంది. జనం ఆ ఊరిని ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. బొగ్గు అక్కణ్నుంచి కొత్తగూడెం, బెల్లంపల్లి, గోదావరిఖనులకు పాకింది. ఇల్లెందు పక్కనున్న సింగరేణి గ్రామం పేరు పెట్టుకున్న కంపెనీ 1920లో ఏర్పడి, నూరేళ్లు దాటి నడుస్తోంది. నూరేళ్ల కంపెనీ అన్నాం కదా అని దాని కింద ఏ బాయికీ నూరేళ్ల ఆయుష్షు లేదు. ఇల్లెందులో భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడి, ఓపెన్‌కాస్టులదే రాజ్యమైంది. బెల్లంపల్లి పేరుతో ఉన్న ఏరియాకు జనరల్ మేనేజర్ కార్యాలయం గోలేటిలో ఉంది. పేరు పాత ఊరికి, అధికారం బొగ్గున్న ఊరికి. బొగ్గు ఎటు కదిలితే కార్యాలయం అటు కదులుతుంది, కార్యాలయం వెంట క్వార్టర్లు, క్వార్టర్ల వెంట పిల్లలు. కదల్లేనిది బడి భవనమే.

బడి ఖాళీ కావడానికి గని మూతపడేదాకా ఆగక్కర్లేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులు ఉండేవారు, ఏడాదికి రెండు కోట్ల టన్నుల లోపే బొగ్గు తీసేవారు. 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు. పర్మినెంటు కార్మికుల సంఖ్య మాత్రం 40 వేల దరిదాపులకు పడిపోయింది. బొగ్గు మూడింతలు దాటి పెరిగింది, జీతం పట్టుకుని ఇంటికెళ్లే చేతులు సగానికంటే తగ్గాయి. చేతులు తగ్గితే కాలనీలో పలకలూ తగ్గుతాయి. కంపెనీ లాభాల్లో ఉండగానే కాలనీ బడిలో బెంచీలు ఖాళీ కావడానికి కారణం ఇదే. ఇంగ్లిషు మీడియం ప్రైవేటు బడుల పోటీ దానికి తోడైంది.

ఓపెన్‌కాస్టు తీరు వేరు. భూగర్భ గని మూతపడితే బడి మెల్లగా ఖాళీ అవుతుంది. ఓపెన్‌కాస్టు వస్తే ఊరితోపాటే బడి మాయమవుతుంది, దాని జాగాలో గొయ్యి మిగులుతుంది, పక్కన మట్టి గుట్ట లేస్తుంది. పునరావాస కాలనీలో కొత్త బడి కట్టాలని 2013 నాటి భూసేకరణ చట్టం చెబుతోంది. చెదిరిన ఊరి పిల్లలందరూ ఆ కొత్త కాలనీకే వస్తారన్న హామీ మాత్రం ఏ చట్టమూ ఇవ్వలేదు.

బంగారం కథా ఇంతే. 1880 నుంచి నడిచి, భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగిన కోలారు గనులను 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. తమిళ కుటుంబాలతోపాటు చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలూ అక్కడ తరాల తరబడి బతికాయి. అదే ప్రభుత్వ సంస్థ కింద అనంతపురం సీమలోని రామగిరిలో బంగారం తవ్వకమూ ఆగిపోయింది. కోలారులో గని చచ్చినా ఊరు చావలేదు. తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, రాత్రికి తిరిగొచ్చే జనంతో అది బతికింది. ఊరు అలా నిలిచిన చోట బడికీ ఒక దారి దొరుకుతుంది. రైలు కూడా లేని గని ఊళ్ల మాటేమిటి?

హెక్టార్ల లెక్కలో పిల్లలు లేరు

గని మూతకు మన దేశంలో నియమాలు లేకపోలేదు. 2009లో కేంద్ర బొగ్గు శాఖ మార్గదర్శకాలు తెచ్చింది. ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలి. తుది ప్రణాళికను మూతకు ఐదేళ్ల ముందే సిద్ధం చేయాలి. ఖర్చు కోసం యాజమాన్యం, ఆ పనికే కేటాయించిన ఎస్క్రో ఖాతాలో ఏటేటా డబ్బు జమచేయాలి. అప్పటి ధరల్లో ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి హెక్టారుకు లక్ష రూపాయలుగా లెక్క కట్టారు. గొయ్యి పూడ్చడం, మట్టి గుట్టలు చదును చేయడం, చెట్లు నాటడం, ప్రమాదం లేకుండా బాయి మూతి మూయడం దాని ప్రధాన లక్ష్యాలు. మూత వల్ల స్థానికుల బతుకు మీద పడే ప్రభావం గురించి రాయడానికీ ప్రణాళికలో చోటు ఉంది. 2025లో సవరించిన మార్గదర్శకాలు సామాజిక పార్శ్వానికి ఇంకొంచెం చోటు పెంచాయి. అయినా లెక్కకు మూలం హెక్టారే. భూమికి గాయమైతే హెక్టారుకు ఇంత అని లెక్క తేలుతుంది. తరగతి గదికి, పంతులు పోస్టుకు, బస్సు లేని ఊళ్లో పిల్లవాడు నడవాల్సిన కిలోమీటర్లకు ధర కట్టే గడి అందులో కనిపించదు.

రెండో వనరు జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టాన్ని సవరించి దీన్ని పెట్టారు. గని నడిపేవారు రాయల్టీకి తోడు, పాత లీజులకైతే దానిలో 30 శాతం, వేలంలో దక్కినవాటికి 10 శాతం ఈ నిధికి కట్టాలి. నీరు, వైద్యం, చదువు వంటి పనులకు ఇందులో పెద్దవాటా పోవాలి. అలా కొన్నిచోట్ల బడి గదులు, ప్రహరీలు కట్టారు కూడా. ఇబ్బందల్లా ఒకటే. బొగ్గు వస్తున్నంతకాలమే రాయల్టీ, రాయల్టీ వస్తున్నంతకాలమే నిధి. గని మూతపడి ఊరికి అసలు అవసరం మొదలైన రోజున నిధి ఎండిపోతుంది. గనులు నిండుకున్నాక జనం బతుకుతెరువు కోసం కొంత మొత్తాన్ని మూలనిధిగా దాచుకునే వెసులుబాటు ఉంది. వెసులుబాటును ఎవరు వాడుకుంటారు? ఎన్నికల ముందు సీసీ రోడ్డు వేస్తే కనిపిస్తుంది, పదిహేనేళ్ల తర్వాతి బడి కోసం బ్యాంకులో వేసిన డబ్బు కనిపించదు.

మూసేముందు ఐదేళ్లు

పిల్లలు లేని బడిని తెరిచి ఉంచమనడం మొండితనమే అవుతుంది. ముగ్గురు పిల్లలకు ఇద్దరు పంతుళ్లు ఉన్న చోట ఆ పిల్లలకు తోడూ లేదు, ఆటా లేదు. కాబట్టి కాపాడాల్సింది చదువు తెగిపోకుండా సాగడాన్ని. భవనం సంగతి ఆ తర్వాత. నియమాలు ఇప్పటికే ఇచ్చిన ఐదేళ్ల వ్యవధిని సరిగా వాడుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు.

మొదటిది, తుది మూసివేత ప్రణాళికలో ఆ గని మీద ఆధారపడిన ప్రతి బడికీ ఒక పేజీ ఉండాలి. కంపెనీదైనా, ప్రభుత్వానిదైనా. పిల్లలెందరు, వారిలో కార్మికుల పిల్లలెందరు, కాంట్రాక్టు కూలీల పిల్లలెందరు, స్థలం ఎవరిది, భవనం వయసెంత, మూశాక దగ్గర్లోని బడి ఎంత దూరం అన్నవి అందులో రాయాలి. గ్రామసభలో దాన్ని చదివి వినిపించాలి. విద్యాసంవత్సరం మధ్యలో బడి మూయరాదన్న నియమమూ ఉండాలి.

రెండోది, అప్పగింత గని నడుస్తుండగానే జరగాలి. తాళం వేశాక ఇరవై ఏళ్లకు ఇచ్చే భవనం బహుమతి కాదు, బరువు. పంచాయతీకి, మున్సిపాలిటీకి కట్టబెట్టి చేతులు దులుపుకుంటే మనమూ యూబరి దారి పట్టినట్టే. భవనంతోపాటు కనీసం పదేళ్ల నిర్వహణ ఖర్చూ, దాన్ని ఏ పనికి వాడతారన్న ఒప్పందమూ చేతులు మారాలి. గురుకులం కావచ్చు, ఐటీఐ కావచ్చు, ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడే రిటైర్డు కార్మికులకు వైద్యశాల కావచ్చు. ఏ పనీ దొరక్కపోతే కూల్చి, ఆ స్థలాన్ని ఊరికి ఇవ్వాలి. అదీ ఒక నిర్ణయమే. నిర్ణయం తీసుకోకుండా వదిలేయడమే అన్నిటికంటే ఖరీదైనది.

మూడోది, రిజిస్టర్లు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ మన రాష్ట్రాల్లో ఇది ఉద్యోగం సంగతి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో స్థానికత తేలాలంటే ఒకటి నుంచి ఏడు తరగతుల్లో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది కీలకం. ఆ స్టడీ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బడే లేకపోతే? మూతబడిన బడి అడ్మిషన్ రిజిస్టర్లు ఏ మండల విద్యాశాఖ కార్యాలయంలో ఏ బీరువాలో ఉన్నాయో తెలియక ఉద్యోగార్థులు తిరగకూడదు. బడి మూసిన నెలలోగా వాటిని డిజిటల్‌గా భద్రపరచాలి. హషిమా చెప్పిన పాఠం ఇక్కడా పనికొస్తుంది. రేపు ఈ ఊళ్లో ఎవరెవరు బతికారని చరిత్ర అడిగితే జవాబు ఆ రిజిస్టర్లలోనే దొరుకుతుంది.

నాలుగోది, ఖనిజ నిధిలో మూలనిధిని ఐచ్ఛికంగా వదలకుండా తప్పనిసరి చేయాలి. బొగ్గు పుష్కలంగా వస్తున్న ఈ రోజుల్లో పక్కన పెట్టకపోతే, బొగ్గు ఆగిన రోజున పెట్టడానికి ఏమీ ఉండదు. వాతావరణ ఒప్పందాలు, సౌరవిద్యుత్తు కలిసి ఆ రోజును దగ్గరికి తెస్తున్నాయి. జపాన్ చట్టం తెచ్చాక కూడా హషిమాకు 19 ఏళ్ల వ్యవధి దొరికింది. మనకు ఎంత దొరుకుతుందన్నది మన చేతుల్లో లేదు. దొరికిన వ్యవధితో ఏం చేస్తామన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది.

గని తెరిచే ఫైలులో టన్నులు ఉంటాయి, హెక్టార్లు ఉంటాయి, గని ఎన్నేళ్లు నడుస్తుందన్న అంకె ఒకటి ఉంటుంది. ఆ అంకె పక్కన ఆ ఊరి బడి పేరు రాయమనడమే ఈ వ్యాసం అడిగేది. అప్పుడు ఎవరో ఒకరు ఫైలు తెరిచి, ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు పదో తరగతి ఇక్కడే రాస్తాడా అని లెక్క వేసి చూడక తప్పదు. హషిమా బడికి ఆ అంకె 16 అని తేలింది బడికి తాళం పడ్డాకే.